మైలాపూరు మామి, చిక్కడపల్లి తాతగారు

పుట్టి పెరిగింది మద్రాసు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇప్పుడు మనవరాలు, అన్నీ హైదరాబాదు. "రెండు ఊళ్లలో నీకేది ఎక్కువ ఇష్టం?" అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది మెరీనా కాదు, చార్మినారూ కాదు. ఇద్దరు మనుషులు. ఒకరు మైలాపూరులో మా పక్క వాటాలో ఉండే తమిళావిడ, మామి. ఇంకొకరు చిక్కడపల్లిలో మేం అద్దెకున్న ఇంటాయన. ఆయన్ని అందరం తాతగారనే పిలిచేవాళ్లం. మామికి తెలుగులో రెండు ముక్కలు మాట్లాడటం రాదు, కానీ బతికినంత కాలం తెలుగులో పాడింది. తాతగారు అచ్చమైన తెలుగాయన, కానీ పాలవాడి లెక్క కూడా ఉర్దూలోనే రాసుకునేవారు. నాకు ఈ రెండు ఊళ్లూ అర్థమైంది ఆ ఇద్దరి వల్లే.

మా నాన్న మద్రాసులో ఒక తెలుగు పత్రికలో ప్రూఫ్ రీడరు. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది గానీ, అప్పట్లో తెలుగు పత్రికలూ, పుస్తకాలూ, సినిమాలూ చాలా వరకు తయారయ్యేది అక్కడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను బొంబాయి నుంచి 1914లో మద్రాసుకే తెచ్చారు. ఆయన పేరున్న పార్కు మా ఇంటికి దగ్గర్లోనే, లజ్‌లో ఉంది. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చాక నన్ను అక్కడికే తీసుకెళ్లేవాడు. దారిలో ఏ బోర్డు కనిపించినా అచ్చుతప్పు ఉందేమోనని చూసేవాడు. తమిళ బోర్డులైనా సరే.

మేమున్నది ఒకే వాకిలి, నాలుగు వాటాలు, అందరికీ కలిపి ఒక బావి ఉన్న ఇల్లు. మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక మామి ఒక పొడుగాటి నోటు పుస్తకం పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చి కూర్చునేది. అందులో త్యాగయ్య కీర్తనలు తమిళ లిపిలో పెన్సిలుతో రాసి ఉండేవి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా. అందుకని ప్రతి అక్షరం పక్కనా పైన చిన్నగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసుకునేది. 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. పేజీ నిండా చీమల్లా ఆ అంకెలే. వాటి సాయంతో ఆవిడ పలికే ఒత్తులు మా వీధిలోని తెలుగు పిల్లల పలుకు కంటే శుభ్రంగా ఉండేవి. ఇది పొగడ్త కోసం చెప్పడం లేదు. మా అమ్మ నన్ను తిట్టినప్పుడల్లా "మామిని చూసి నేర్చుకోవే" అనేది.

"కొంచం అర్థం సొల్లుంగో" అని మామి అడిగేది. అమ్మ తన వచ్చీరాని తమిళంలో చరణాన్ని విడదీసి చెప్పేది. రాముణ్ణి త్యాగయ్య ఎక్కడ బతిమాలుతున్నాడు, ఎక్కడ నిలదీస్తున్నాడు, ఎక్కడ అలిగాడు అని. మామి కళ్లు మూసుకుని వినేది. విన్నాక అదే వరసను మళ్లీ పాడేది. స్వరం మారేది కాదు, తాళం మారేది కాదు. కానీ ఇంతకుముందు గబగబా దాటేసిన చోట ఇప్పుడు ఆగేది. ఆ నిలదీసిన మాట దగ్గర గొంతు కొంచెం గట్టిపడేది. లెక్కల హోంవర్కు ముందేసుకుని నేను ఆ తేడా వింటూ కూర్చునేదాన్ని. సంగీతం పాఠాలు నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వినడం మాత్రం అక్కడే వచ్చింది.

మార్గళి, అంటే మన ధనుర్మాసం, వచ్చిందంటే మైలాపూరు వేరే ఊరైపోతుంది. చీకటితోనే కపాలీశ్వరర్ కోవెల మాడవీధుల్లో భజన గోష్ఠులు తిరుగుతుంటాయి. గడపల ముందు పెద్ద పెద్ద ముగ్గులు, వాటి మధ్య పేడముద్దలో గుచ్చిన గుమ్మడి పువ్వు. పొద్దెక్కేసరికి అందరూ కచేరీలు జరిగే సంగీత సభల దారి పడతారు. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు వాటితో పాటు ఒక సంగీత సదస్సు పెట్టారు. దాని ఫలితంగానే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. తర్వాత ఊళ్లో ఎన్నో సభలు. సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీలకు టికెట్టు కొనే స్తోమత మాకు లేదు. మధ్యాహ్నం కుర్రాళ్ల కచేరీలు ఉచితం. మామి, అమ్మ, నేను వాటికి వెళ్లేవాళ్లం. చెప్పిన వేళకు తెర లేచేది. మా ముందు వరసలో కూర్చున్న ముసలాయన ఒళ్లో చిన్న డైరీ పెట్టుకుని, రాగం మొదలైన అరనిమిషంలో పేరు రాసేసుకుని, పక్కావిడకు చూపించేవాడు. ఆవిడ అవునని తల ఊపేది. హాలంతా తొడల మీద తాళం. ఆ తాళం వేసే చేతుల్లో చాలామందికి తెలుగు రాదు. వాళ్ల ఇళ్లలో మాత్రం తెలుగు సాహిత్యం పాటగా మూడు నాలుగు తరాల నుంచి ఉంది.

ఒక్కటి మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీనుకు పోతుంది. ఎంత పెద్ద రసికులైనా అది తప్పే. ఆ వాయించేవాడి ముఖం చూడాలనిపించదా వీళ్లకి?

ఎగ్మూరు మ్యూజియం కూడా మద్రాసు స్వభావానిదే. తొందర పడితే ఏమీ కనిపించదు. 1851లో మొదలైన మ్యూజియం అది. నాన్న నన్ను తీసుకెళ్లింది కంచు విగ్రహాల కోసం కాదు, అమరావతి శిల్పాల కోసం. కృష్ణ ఒడ్డున స్తూపానికి తాపడంగా ఉన్న సున్నపురాయి పలకలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవాటిలో చాలా భాగం ఆ తర్వాత లండన్ చేరింది. మిగిలినవీ, తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా వరకూ ఇక్కడున్నాయి. వాటిలో ఒక గుండ్రటి ఫలకం ముందు నాన్న చాలాసేపు నిలబడేవాడు. ఒకే ఫలకంలో రెండు ఘట్టాలు. ఒకవైపు మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలో మనిషిని కాలు పట్టి విసురుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. మేడ కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. "ఇంత గోల ఉందా, ఇంత చిన్న రాయిలో! చూడు, భయపడ్డ ముఖం ఒక్కటి కూడా ఇంకోదానిలా లేదు" అనేవాడు నాన్న. అమరావతి నేను తర్వాత చూశాను. అమరావతిని చూడటం మాత్రం ఎగ్మూరులోనే నేర్చుకున్నాను.

మైలాపూరులోనే రాయపేట హైరోడ్డు మీద, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో, పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. అక్కడిప్పుడు ఆయన స్మారక భవనం ఉంది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాన్న సైకిలు దిగి నడిచేవాడు. మరుసటి ఏడాది ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గానీ మద్రాసు రాలేదు. "మద్రాస్ మనదే" అని కుర్రతనంలో గోడల మీద రాసినవాళ్లలో తనూ ఒకణ్ణని నాన్న చెప్పేవాడు. నేను ఆ బాధను కాదనను. కానీ మామి పక్కన పెరిగినదాన్ని కాబట్టి, ఆ ఊరు ఎవరిదీ అన్న లెక్క నాకు ఎప్పుడూ తేలలేదు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ జాగా ఇచ్చింది దామెర్ల నాయకులు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అంత మాత్రాన మామి పాడేది మాదని ఆవిడ ముందు ఎలా అనగలం?

1980లు వచ్చేసరికి తెలుగు పత్రికలూ సినిమాలూ ఒక్కొక్కటే హైదరాబాదు దారి పట్టాయి. నాన్న పనిచేసే చోట మద్రాసు ఆఫీసు ఎత్తేశారు. చెప్పింది నెలాఖరున. అంతకాలం పనిచేసిన మనిషికి అలా చెప్పడం ఏమిటని అమ్మ చాలాకాలం బాధపడింది. ఆలోగా నాకు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. అందరం సామాను సర్దుకున్నాం. సొంత భాష మాట్లాడే ఊరికి వెళ్తున్నామని అమ్మకు సంబరం. తీరా దిగాక ఆటో అబ్బాయితో మాట్లాడటానికే ఇబ్బంది. "కిధర్ జానా?" అన్నాడు. మా మద్రాసు తెలుగు వినగానే, పాపం, ఇంకా గట్టిగా ఉర్దూలో చెప్పాడు.

రెండో ఆశ్చర్యం పొద్దుటిది. మద్రాసులో ఐదింటికే ఊరు నిద్రలేస్తుంది. ఫిల్టరు కాఫీ, పేపరు, స్నానం, కోవెల అన్నీ ఏడుకల్లా అయిపోతాయి. హైదరాబాదులో పది దాటినా అబిడ్స్‌లో సగం షట్టర్లు దించే ఉండేవి. రాత్రి మాత్రం ఎవరికీ ఇంటికి వెళ్లాలని ఉండదు. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ అర్ధరాత్రి దాటాక కూడా లాడ్‌బజారులో లక్క గాజుల బేరాలు సాగుతుంటే, తొమ్మిదికి తలుపులు మూసే ఊరి నుంచి వచ్చిన అమ్మ నమ్మలేకపోయింది. నెమ్మదిగా ఆ ఊరి వేళలు మాకూ అలవాటయ్యాయి. నాకు తెలిసి, అలవాటు చేసింది తాతగారే.

ఆయన రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యారు. చదివింది ఉస్మానియాలో, ఉర్దూ మీడియంలో. 1918లో ఆ యూనివర్సిటీ పెట్టినప్పుడు బోధన ఉర్దూలో సాగింది. లెక్కలు, సైన్సు, చరిత్ర, అన్నీ ఉర్దూలోనే. అంత పెద్ద చదువు ఒక భారతీయ భాషలో చెప్పడం అప్పట్లో చాలా అరుదు. అలా చదివిన తెలుగు పెద్దలు మేం వచ్చేనాటికి చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లో ఇంకా చాలామంది ఉండేవారు. ధోవతి కట్టుకుని, విభూతి పెట్టుకుని, చేతిలో ఉర్దూ పేపరు. తెలుగు మీద ప్రేమ లేకనా అంటే అదీ కాదు. నిజాం పాలనలో, 1901లోనే, సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు అది. తాతగారు తన తండ్రి వేలు పట్టుకుని ఆ గ్రంథాలయానికి వెళ్లిన రోజులు చెప్పేవారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవడం అక్కడ నేర్చుకున్నారట.

ఆదివారం పొద్దున "ఏం బిడ్డా, చాయ్ తాగినవా?" అని కేకేసేవారు. తాగానన్నా ఇంకోటి తప్పదు. చాయ్‌తో పాటు ఒక షేర్, అంటే రెండు పాదాల ఉర్దూ కవిత, వినిపించేవారు. మొదటి పాదం చెప్పి ఆగేవారు. ఒక గుక్క చాయ్ తాగి అదే పాదం మళ్లీ చెప్పేవారు, ఈసారి ఇంకో మాట మీద బరువు వేసి. మా ముఖాల్లోకి చూసేవారు. రెండో పాదం ఎప్పుడు చెప్తారా అని మాకు ఆత్రం. అప్పుడు వదిలేవారు. అర్థం కాక నేను బిక్కముఖం వేస్తే, తెలంగాణ తెలుగులో మాటమాటా విప్పి చెప్పి, మళ్లీ మొదటి నుంచి చదివేవారు. మామి కూడా నెరవల్ అని, కీర్తనలో ఒకే వరసను పట్టుకుని నాలుగు రకాలుగా పాడేది. రెంటిలోనూ ఉన్నది అదే ఓపిక. ఒక పాదం దగ్గర మనిషిని నిలబెట్టి, ముందుకు పోనివ్వకపోవడం. అది తట్టిన రోజు నాకు హైదరాబాదు పరాయి ఊరు కాకుండా పోయింది.

ఆయనతోనే అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారుకు వెళ్లేదాన్ని. మద్రాసులో మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయిందన్న దుఃఖం నాన్నకు ఇక్కడ కొంచెం తగ్గింది. ఆయనతోనే మొహర్రంలో దబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయల్దేరే అలమ్‌ను, అంటే పీరును, చూశాను. ఆషాఢంలో గోల్కొండ కోటలో మొదటి బోనం చూపించిందీ ఆయనే. కోట ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని ప్రతి గైడూ చెబుతాడు. ఆ రోజు డప్పుల హోరులో ఎవరి చప్పట్లూ ఎవరికీ వినిపించలేదు. పోతురాజు వెనక నడుస్తూ అమ్మ మొదటిసారి "మన ఊరు" అంది.

సాలార్‌జంగ్ మ్యూజియం ఎగ్మూరు మ్యూజియంకు పూర్తిగా ఎదురు. అక్కడ ప్రభుత్వం పద్ధతిగా పోగుచేసింది. ఇక్కడ ఎక్కువ భాగం ఒక్క మనిషి, మూడో సాలార్‌జంగ్, మోజుపడి కొన్నవి. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే నెహ్రూ ఆ మ్యూజియం ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో వచ్చింది. చైనా పింగాణీ పక్కన పర్షియా తివాచీ, ఆ పక్క గదిలో పాలరాతి ముసుగులో రెబెకా విగ్రహం. ఒక క్రమం ఉండదు, అయినా విసుగురాదు. గంట కావస్తుంటే జనమంతా గడియారం ముందుకు చేరతారు. పిల్లలు తండ్రుల భుజాల మీద. గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి, లోపలికి వెళ్లిపోతుంది. పక్కనే ఇంకో బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. అందరూ నవ్వుతారు, కొందరు చప్పట్లు కొడతారు. ఎగ్మూరులో నవ్వితే గార్డు వైపు చూడాల్సివచ్చేది.

చిక్కడపల్లిలోనూ త్యాగయ్య పేరుతో ఒక గానసభ ఉంది. ఆరింటికి కచేరీ అంటే అమ్మ ఐదున్నరకే వెళ్లి కూర్చునేది. ఏడుకు దీపం, ఆపైన ఉపన్యాసాలు, శాలువాలు. మద్రాసు క్రమశిక్షణ ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఇది నేను హైదరాబాదుకు ఎప్పుడూ క్షమించలేదు. ఎంత మంచి గాయకులైనా ఆ ఆలస్యంలో సగం అలిసిపోతారు. కానీ కచేరీ అయ్యాక పాడినాయన మెట్ల మీద నిలబడి అందరితో మాట్లాడతాడు. మా అమ్మ లాంటివాళ్లు కూడా వెళ్లి "ఆ చరణంలో ఆ మాట అలా విరవకూడదు నాయనా" అని చెప్పగలరు. అమ్మ చెప్పింది కూడా. ఆయన నమస్కారం పెట్టి, ఇంకోసారి పాడి వినిపించి, సరిచేసుకున్నాడు. అకాడమీలో అమ్మ ఆ ధైర్యం చేసేది కాదు.

నేను ట్యాంక్‌బండ్ మీదుగా ఆఫీసుకు వెళ్లే రోజుల్లోనే, 1990 మార్చి 10న, పడవ మీద తీసుకెళ్తుండగా బుద్ధ విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయింది. మనుషులు కూడా చనిపోయారు. 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలబెట్టేదాకా అది నీళ్ల అడుగునే ఉంది. బస్సు కిటికీలోంచి ఊరంతా అటే చూసేది. నాన్నకు మాత్రం ఎగ్మూరు ఫలకం గుర్తొచ్చేది. ఆ ఏనుగు ముందు నిలబడ్డ బుద్ధుడు చేతి బొటనవేలంత ఉంటాడు.

మామి పోయి చాలా ఏళ్లయింది. ఆ నోటు పుస్తకం ఆవిడ మనవరాలి దగ్గరుంది. ఆ అమ్మాయి పాడుతుంది. తెలుగు అర్థాలు ఫోన్లో నన్ను అడుగుతుంది. తాతగారి డైరీలు వాళ్లింట్లో ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. పిల్లల్లో ఒక్కరికీ ఉర్దూ చదవడం రాదు. మొన్నీమధ్య దాకా ఎవరూ పెట్టె తీయలేదు. ఇప్పుడు చంచల్‌గూడలో ఉండే రిటైరైన ఉర్దూ లెక్చరరు ఒకాయన వారానికోసారి వచ్చి చదివి చెబుతున్నారు, వాళ్ల కోడలు తెలుగులో రాసుకుంటోంది. 1948లో నిజాం రాజ్యం పోయిన నాటి భయాలు, బియ్యం ధర, పక్కింటి ముస్లిం కుటుంబంతో పంచుకున్న పండగలు, అన్నీ ఉన్నాయట. చెన్నై తెలుగు పాటను వదల్లేదు. హైదరాబాదులో తెలుగువాళ్లు మాత్రం ఉర్దూను ఒక్క తరంలో వదిలేశారు. మాటల్లో ఉంది, అక్షరంలో లేదు. ఇది నన్ను బాధపెట్టే విషయం. మా అపార్ట్‌మెంటులో పిల్లలకు ఫ్రెంచి క్లాసులు పెట్టారు. ఉర్దూ క్లాసు పెడదామని నేను అడుగుతూనే ఉన్నాను. ముగ్గురు తల్లులు సరేనన్నారు.

ఈ డిసెంబరులో మనవరాలిని తీసుకుని చెన్నై వెళ్తున్నాను. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు దొరికాయి. అది సాలార్‌జంగ్ గడియారం చూసి వచ్చిన దగ్గర్నుంచి "మద్రాసులో కూడా ఇలాంటిదుందా అమ్మమ్మా?" అని అడుగుతోంది. గడియారం లేదు, ఏనుగుంది అని చెప్పాను. ఇబ్బందల్లా మేం దిగేది శుక్రవారం. రెండు మ్యూజియాలకూ శుక్రవారమే సెలవు. కాబట్టి ఆ పొద్దున మాడవీధులు, మధ్యాహ్నం ఏదో ఒక సభలో ఉచిత కచేరీ. తని మొదలయ్యాక క్యాంటీనుకు వెళ్లకూడదని దానికి ముందే చెప్పి ఉంచాను. ఏనుగు శనివారం.